ఒక్కదాని ఈస్టర్

నా చిట్టి చెల్లెలు రహీల్‌కి,

మఠంలో చలి తగ్గిందా? మోకాళ్లకు ఆలివ్ నూనె వెచ్చచేసి రాసుకుంటున్నావా? రాసుకోవని నాకు తెలుసు. నూనె దీపాలకే గాని మనుషులకు కాదన్నట్టు ఉంటావు నువ్వు. సన్యాసినివైనా నాకు చెల్లెలివే గనక నా దిగులు నాకుంటుంది. ఈ ఉత్తరం తెచ్చే మనిషి చేత రెండు డబ్బాల పప్పు పంపాను. రాళ్లు ఏరాను. అయినా కళ్లు సరిగా కనబడవు, ఇంకోసారి ఏరుకో.

అసలు సంగతి చెప్పడానికి చెయ్యి రావడం లేదు. మన ఎదురింటి నజీరా ఊరు వదిలి వెళ్లిపోతోంది. నాతో చెప్పలేదు. మొన్న పుదీనా ఇవ్వడానికి వెళ్తే గోడ మీద మరియమ్మ పటం లేదు. తెల్లగా ఆ మేర గోడ మాత్రం ఉంది. మంచం కింద పెట్టె, పెట్టె చుట్టూ తాడు. "పటం ఏదే?" అన్నాను. "దుమ్ము దులపడానికి తీశాను" అంది. దుమ్ము దులిపేవాళ్లు పటాన్ని తాడు కట్టిన పెట్టెలో పెడతారా? ఇంటికొచ్చి కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడింది. తర్వాత బజారులో తెలిసింది, వాళ్ల అన్న కొడుకు ఫారిస్ జహ్లే పట్టణం నుంచి కారు తెస్తున్నాడని, వాళ్ల ఈస్టర్ అయిన మర్నాడే తీసుకెళ్తాడని. అరవై ఏళ్లుగా ఎదురెదురు గుమ్మాల్లో బతికిన నాకు ఆ మాట ఉల్లిపాయలవాడు చెప్పాడు రహీల్. అది గుచ్చుకుంది.

అయితే దాని తప్పేముంది? కాథలిక్కుల ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. వాళ్ల గురువుగారు పోయాక ఇంకొకర్ని పంపలేదు. పట్నం నుంచి వచ్చే ఆయనకు ఎన్నో ఊళ్లు, ఈ పండగకు రాలేనని కబురు పెట్టాడట. గుడి తాళంచెవి నజీరా కొంగుకే ఉంటుంది. ఈ ఏడు వాళ్ల ఈస్టర్‌కీ మన ఆర్థడాక్సు ఈస్టర్‌కీ ఐదు వారాల తేడా, మనదే వెనక. దాని పండగనాటికి మనం ఇంకా నూనె కూర, గంజి, ఉపవాసం. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. "క్రీస్తు లేచాడు" అని అది పండగ పలకరింపుగా గుమ్మంలో నిలబడి అంటే "నిజంగా లేచాడు" అనేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు? గోడతో చెప్పుకోవాలా?

మన చిన్నప్పుడు ఎలా ఉండేది! మన పండగకు ముందు వారంలో అమ్మ ఖర్జూరం కూరే రవ్వ బిళ్లలకు పిండి కలిపేది. అందులో నెయ్యి పడుతుంది గనక ఉపవాసంలో ఉన్న మనం వేలు నాకడానికి కూడా లేదు. అందుకని పండగ అయిపోయిన నజీరాను పిలిచేవాళ్లం. అది పీట మీద రాణిలా కూర్చుని నోరు తెరిచేది. అమ్మ పిండి ముద్ద పెట్టేది. "పన్నీరు చాలదు అత్తమ్మా" అనేది. నువ్వు దాని నోటివైపే చూస్తూ గుటకలు మింగేదానివి. ఒక ఏడాది రెండు పండగలూ ఒకే రోజు వచ్చాయి, గుర్తుందా? ఎవరికీ రుచి చూసే వీలు లేదు. అమ్మ పన్నీరు పోసింది, పోయలేదనుకుని నేనూ పోశాను, నువ్వూ పోశావు. నాన్న ఒకటి కొరికి, "పెళ్లికూతురి కొప్పు నమిలినట్టుందే!" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆ ఏడు ఊళ్లో రెండు గుళ్ల గంటలూ కలిసి మోగితే పావురాలు ఎటు ఎగరాలో తెలియక రెండింటి మధ్యే తిరిగాయి.

నిన్న గుడి మెట్ల మీద ఆడవాళ్లతో అన్నాను, ఆ ఆదివారం మనం నజీరా దగ్గరికి పోదామా అని. మిలాదే నోరు నీకు తెలుసు. "వాళ్ల పండగ వాళ్లది. మనం పస్తులుండి వాళ్ల గుడ్లు ఒలవాలా? నీకు కావాలంటే పో, వాసన చూసి రా" అంది. అందరూ నవ్వారు.

చెల్లీ, నా మనసులో ఉన్నది నీకే చెబుతున్నాను. ఆ రోజు నేను నజీరాతో కూర్చుని ఒక గుడ్డు తినాలనుకుంటున్నాను. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఈ ఉపవాసం ఒక్కసారి తప్పలేదు, కానుపు అయినప్పుడు కూడా. అది పాపమా? ఒకే ప్రభువు బిడ్డ ఒక్కతే బల్ల దగ్గర కూర్చుంటే, ఎదురింట్లో నేను పట్టిన ఉపవాసం ఆయనకు ఎక్కుతుందా? నువ్వు చదువుకున్నదానివి. త్వరగా రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ అక్క,
వర్దే


రహీల్‌కి,

నీ జవాబు అందింది. "ఖూరీగారిని అడుగు" అని ఒక్క ముక్క రాశావు. నీకంటే ఉల్లిపాయలవాడు నయం.

అడిగాను. మన గుడి గురువు ఖూరీ బిషారా గడ్డం దువ్వుకున్నాడు. "వర్దే తల్లీ, ఎందుకు అడిగావు?" అన్నాడు. "మా చెల్లెలు అడగమంది" అన్నాను. "అడగకపోతే నాకేమీ తెలిసేది కాదు. అడిగావు గనక నేను ఒక్కటే చెప్పగలను. తినకూడదు" అన్నాడు. తల వంచుకుని వచ్చేస్తుంటే వెనక నుంచి, "ఆ ఆదివారం నన్నింకేమీ అడగకు" అన్నాడు. దానికి అర్థమేమిటో రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. కోపంతో అన్నాడా? అడిగి తప్పు చేస్తే అడగకుండా చేసిన తప్పు కంటే పెద్దదవుతుందా? నీ వల్లనే ఇదంతా.

నిన్న నజీరా గుమ్మంలోకి వచ్చి "ఏమే, మొహం అలా పెట్టావు, పన్ను నొప్పా?" అంది. వెళ్లిపోతున్న సంగతి అప్పుడైనా చెబుతుందని చూశాను. చెప్పలేదు. నేనూ అడగలేదు. "ఆఁ, పన్నే" అన్నాను. అది లవంగం తెచ్చి ఇచ్చింది. నొప్పి లేని పన్ను మీద లవంగం పెట్టుకుని ఏడ్చాను.

ఇంకా ఏం చేయాలో తెలియలేదు.

నీ అక్క వర్దే


నా బంగారు రహీల్‌కి,

నువ్వు ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదవకు, నీ మోకాళ్లు అసలే బాగోలేవు.

ఆదివారం పొద్దున్నే, ఉపవాసంలో పోగైన గుడ్లన్నీ ఉల్లిపొట్టు వేసి ఉడకబెట్టాను, ఎర్రగా వచ్చాయి. ఇంట్లోనే ఒకటి ఒలిచి తినేశాను. నజీరా దగ్గరికి పోయాక ధైర్యం చాలదని, అది వద్దంటే వెనక్కి వచ్చేస్తానని తెలుసు. నిలబడే తిన్నాను, పటాలవైపు వీపు పెట్టి. ఇసుక మింగినట్టు గొంతులో అడ్డం పడింది. మిగతావి బుట్ట నిండా వేసుకుని వెళ్లి గుమ్మంలో నిలబడి, "క్రీస్తు లేచాడే నజీరా!" అన్నాను.

అది నావైపు, బుట్టవైపు చూసింది. దాని పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నెయ్యి లేదు, గుడ్డు లేదు, రొట్టె కూడా పాతది.

"పండగనాడు పప్పేమిటే?" అన్నాను.

"నాకు ఇవాళ పండగ కాదు" అంది. "మీతోపాటు చేసుకుందామనుకున్నా. ఇంకో ఐదు వారాలు పస్తుంటే పోయేదేముంది? ఫారిస్‌ని అప్పుడు రమ్మని కబురు పెట్టాను. మీ పండగలో ఒక్కసారి అందరి మధ్య 'నిజంగా లేచాడు' అని వినిపించుకుని వెళ్దామని."

"నేను తినేశానే!" అన్నాను.

"ఏం తిన్నావు?"

"గుడ్డు. నీ కోసం!"

రహీల్, అది నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓసి పిచ్చిదానా! ఇన్నేళ్ల ఉపవాసం తెచ్చి నా గుమ్మంలో పారబోశావా?" అని తిట్టింది. తిడుతూ తిడుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "వెళ్తున్నానని నీకెందుకు చెప్పలేదో తెలుసా? చెబితే నువ్వు దిగులుతో చస్తావని" అంది. "చెప్పకపోతే చావలేదా?" అన్నాను. తర్వాత అది బుట్టలోంచి గుడ్డు తీసి ఒలిచి, ఉప్పు అద్ది, నోట్లో పెట్టుకుంది. "నువ్వొక్కదానివే తప్పు చేస్తే ఊళ్లో నీకు తోడెవరు?" అంది.

అప్పుడు నాకు ఏమైందో తెలియదు. "తాళం తియ్యి" అన్నాను. వాళ్ల గుడిలోకి వెళ్లాం. లోపల తడి వాసన, దీపాలకు సాలెగూళ్లు. గంట తాడు నేనే లాగాను. నా చేతుల్లో బలమెక్కడిది? ఒకసారి లాగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ లాగుతున్నాను. టంగ్... మళ్లీ కాసేపటికి టంగ్... నజీరా పీఠం ముందు నిలబడి పునరుత్థాన పాట ఎత్తుకుంది. మన పాటే, మన రాగమే, చిన్నప్పుడు వీధికి అటూ ఇటూ నిలబడి పోటీపడి పాడిన పాటే. నేనూ కలిపాను. గొంతులు రెండూ పగిలిన కుండల్లా ఉన్నాయి.

అంతలో గుమ్మంలో అలికిడి. తిరిగి చూస్తే ఊరంతా! అందరూ నల్ల ముసుగులు వేసుకుని, కొందరు చెప్పులు కూడా లేకుండా. నేను లాగిన తీరుకు అది చావు గంటలా వినిపించిందట. అందరికంటే ముందు మిలాదే, రొప్పుతూ, అరచేతుల నిండా పిండి. వెనక ఖూరీగారు ప్రార్థన పుస్తకం చంకలో పెట్టుకుని.

"ఎవరు పోయారే?" అని అరిచింది మిలాదే. "నజీరా, నువ్వు బతికే ఉన్నావా? ఎవరే పోయింది?"

నజీరా నడుం నిటారుగా చేసుకుని, "పోయినాయన లేచాడే!" అంది.

మన ఉపవాసం ఇంకా అవలేదు, ఆ జవాబు ఇప్పుడు చెప్పకూడదు. అందరూ ఖూరీగారివైపు చూశారు. ఆయన నేల చూశాడు. అప్పుడు మిలాదే పిండి చేతులతోనే ముసుగు వెనక్కి లాగింది. "ఏమో బాబూ, ఇంత దూరం చెప్పుల్లేకుండా పరిగెత్తాక నోరు మూసుకుని వెళ్లలేను. నిజంగా లేచాడు!" అంది. దాని వెనక అందరూ అన్నారు. గుడి కప్పు మీద పావురాలు లేచిపోయాయి. ఖూరీగారు నా పక్కగా వచ్చి మెల్లిగా, "వర్దే తల్లీ, పెదవి తుడుచుకో" అని మాత్రం అన్నాడు. పచ్చసొన అంటుకుని ఉంది.

ఫారిస్‌కి కబురు అందలేదట, మర్నాడే కారేసుకుని వచ్చాడు. "జహ్లేలో మన గుడి నిండా జనం ఉంటారత్తా" అన్నాడు. నజీరా అతనికి కాఫీ పోసి, "ఉండనీరా. అక్కడ నేను రాకపోతే ఎవరికీ తెలియదు. ఇక్కడ గంట కొడితే చెప్పుల్లేకుండా వచ్చారు" అంది. అతను పెట్టె తాడు విప్పిపెట్టి వెళ్లాడు. పటం మళ్లీ గోడకెక్కింది, కొంచెం వంకరగా.

ఇప్పుడు నా దిగులు ఒకటే. ఆ రోజు నజీరా అందరికీ తలో గుడ్డు పంచింది. ఉపవాసం గనక ఎవరూ తినలేదు, వద్దనీ అనలేదు. మన పండగకు తింటామని జేబుల్లో వేసుకుని ఇళ్లకు తీసుకుపోయారు. ఐదు వారాలు ఉడికిన గుడ్డు ఆగుతుందా రహీల్? మిలాదే ఇంట్లో చల్లటి గది కూడా లేదు. ఊరంతా కడుపు నొప్పులతో పడితే ఆ పాపం నాదే కదా. మీ మఠం పెద్ద సన్యాసినిని అడిగి రాయి. లేదులే, అడగకు.

నీ ప్రేమగల అక్క,
వర్దే