మందుల ఇలారియో గారి ఎముకలగూడు

అత్లీస్కో,
14 అక్టోబరు 1909

అచ్చాఫీసు దోన్యా కాసిల్డా గారికి,

చనిపోయినవాళ్ళ పండగకి మీరు ఏటా వేసే బొమ్మల కాగితంలో ఈసారి నన్నూ ఎముకలగూడుగా చెక్కారట. కింద ఎగతాళి పద్యం కూడానట! అమ్మా, నేను బలానికి టానిక్కు అమ్ముకునేవాణ్ణి. నేనే ఎముకలు బయటేసుకుని వీధివీధినా వేలాడితే ఆ టానిక్కు ఎవడు తాగుతాడు? కొట్టు మూసుకోవాల్సిందే. తక్షణం తీసేయండి, లేదా కోర్టుకెక్కుతాను.

ఇట్లు,
నిక్షేపంగా బతికే ఉన్న
ఇలారియో

తా.క.: పొట్ట మరీ పెద్దది చెక్కారని మంగలి చెప్పాడు. నాకంత పొట్ట లేదు.

16 అక్టోబరు

కోపంలో ఉన్న దోన్ ఇలారియో గారికి,

మీ మాటే కానివ్వండి. అచ్చుచెక్క మీంచి మిమ్మల్ని ఉలితో గీకేశాను. మీసం దగ్గరే కాస్త చెయ్యి నొప్పెట్టింది.

మీ మేలు కోరే
కాసిల్డా

తా.క.: ఎముకలగూడుకి పొట్టేమిటండీ? మంగలి మీతో ఆడుకున్నాడు.

3 నవంబరు

అమ్మా కాసిల్డా గారూ,

కొంప ముంచారు! మీ కాగితంలో మేయరున్నాడు, పాద్రి గారున్నారు, ఆఖరికి వీధిలో వేడివేడి మొక్కజొన్న తమాలెలు అమ్మే ఆవిడ కూడా పళ్ళికిలించి గంతులేస్తోంది. నేనొక్కణ్ణే లేను! నిన్న మా నాన్న సమాధి మీద బంతిపూలు పెడుతుంటే మేయరు భార్య వచ్చి, "అయ్యో, మీరింకా ఈ ఊళ్ళోనే ఉన్నారా?" అంది. ఎదురుకొట్టు ప్రోస్పెరో, ఆముదం తప్ప ఇంకోటి ఎరగని ఆ ప్రోస్పెరో, తన ఎముకల బొమ్మకి చట్రం కట్టించి గుమ్మానికి తగిలించాడు. జనమంతా అక్కడే. "బొమ్మలోకెక్కనివాడి మందు పనిచేస్తుందా?" అంటున్నారట. పొద్దుట్నుంచి నా కొట్లో ఈగలు తప్ప ఎవరూ లేరు. మీ కాళ్ళు పట్టుకుంటాను, మళ్ళీ అచ్చేసి నన్ను చంపండి!

ఇట్లు,
ఉన్నా లేనివాడైన
ఇలారియో

తా.క.: పద్యం ఎంత ఘాటుగా ఉన్నా సరే. మీసం మాత్రం ఉండాలి. ఈ ఉత్తరం సంగతి ఎవరికీ చెప్పకండి.

5 నవంబరు

దోన్ ఇలారియో గారికి,

గీకేసిన చెక్క అతకదు కాబట్టి కొత్తది చెక్కాను. పద్యం దగ్గరే చిక్కొచ్చింది. ఎంత తల గోక్కున్నా మీ ఉత్తరాలంత బాగా రాయలేకపోయాను. అందుకని మీవి రెండూ తా.క.లతో సహా పొల్లు పోకుండా అచ్చేశాను. పైన కలం పట్టుకుని ఏడుస్తున్న ఎముకలగూడు, ఇంత మీసంతో. మేయరుకి కూడా పద్యంలో నాలుగు పాదాలే దక్కాయి, మీకు కాగితం మొత్తం!

నేను ఒక్కరికీ చెప్పలేదు, ఒట్టు. ఐదొందల కాగితాలు మధ్యాహ్నానికల్లా ఊళ్ళోవాళ్ళే కొనుక్కుపోయారు. పాద్రి గారికి నవ్వి నవ్వి డొక్క పట్టేసి మీ దగ్గరికే మందుకి బయలుదేరారు. వెనక సగం ఊరుంది. తలుపు తీయండి.

మీ
కాసిల్డా

తా.క.: ప్రోస్పెరో దగ్గర్నుంచి ఇప్పుడే కవరొచ్చింది. తన బొమ్మ వెంటనే తీసేయమని నానా తిట్లూ తిట్టాడు. తీసేశాక కుమిలిపోతూ రాయాల్సిన ఉత్తరం కూడా ముందే రాసి అందులోనే పెట్టాడు.