పాతరలో పిలుపు

సిద్దిపేట, 1946, గురువారం రాత్రి

ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయునది: మా కోడిపుంజు ఈ తెల్లవారి కూయలేదు.

ఇక అసలు సంగతి. నేలలో తవ్విన జొన్నల పాతర మూత తీశాక, లోపలికి దించిన దీపం ఆరిపోకపోతేనే ఎవరైనా దిగుతారు. నేను ఇంట్లో దీపం వెలిగించి తెచ్చేసరికి బామ్మర్ది రాజయ్య దిగి, పడిపోయి ఉన్నాడు. నడుముకున్న తాడు పట్టి లాగాం. ఊపిరి లేదు. పక్కింటి డాక్టరు మణికట్టు పట్టుకుని, "నాడి ఉంది" అని, బోర్లా తిప్పి వీపు నొక్కాడు. చాలాసేపటికి రాజయ్య దగ్గాడు.

"దీన్ని అస్ఫిక్సియా అంటరు. గ్రీకు మాట. నాడి లేకపోవుడని అర్థం," అన్నాడు డాక్టరు.

"నాడి కొట్టుకునేటోనికి గా పేరేంది సాబ్? మీరు నాకన్న ఎక్కువ మజాక్ చేస్తున్నరు," అన్నాను.

"ఊపిరి ఆగినంక గూడ నాడి కొంతసేపు ఉంటదని పేరు పెట్టినోళ్లకు తెల్వది."

రాజయ్య కళ్లు తెరిచాడు. "పాతర లోపట్నుంచి నువ్వే పిలిస్తివి గద బావా, గాలి మంచిగుంది దిగుమని."

ఊళ్లో అందరి గొంతులూ అనుకరించేది నేనే. మజాక్‌కు అట్లా పిలిచి తన తమ్ముణ్ణి చంపబోయానని మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.

కోడి కూసింది, కూయలేదన్నది నేను కల్పించాను. డాక్టరుతో మజాక్ కూడా ఇప్పుడు కల్పించిందే. పాతరలో పిలుపు మాత్రం నాది కాదు.