సంచిలో దొరికిన కార్డు

బంగారుతల్లికి అమ్మ ఆశీస్సులు.

నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం, ఒక్క నా మోకాలు తప్ప. నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం, పార్సిలు పోయినవారం అందాయి. అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మీ నాన్నకి దగ్గు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. పక్కింటి మిషనత్త నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇక మా ఫ్యాక్టరీ సంచి సంగతి. బస్సు డబ్బులు మిగుల్చుకుంటూ నాలుగు నెలలు కాలేజీకి నడిచి వెళ్ళి మరీ కొన్నావా! "చవక సంచుల వెనక ఎవరి ఉసురు ఉందో తెలియదమ్మా, దీంట్లో కుట్టినావిడే స్వయంగా రాసిన కార్డు ఉంది" అన్నావు. 'కిటికీ పక్కన కూర్చుని తీరిగ్గా కుట్టాను. మీరు కొన్నందుకే నా కూతురు బడికెళుతోంది.' కార్డులోని ఈ మాటలు హాస్టల్లో అందరికీ చదివి వినిపించావట. ఆ పాపకని ఎర్ర స్వెట్టరు అల్లి, "మీ ఫ్యాక్టరీలోనే కదా, ఆవిణ్ణి వెతికి ఇవ్వమ్మా" అని పంపావు. దాన్ని బీరువాలో చీరల కింద దాచాను. రోజూ తీసి చూడటం, మళ్ళీ దాచటం.

ఆవిడ లేదు తల్లీ. ఆ కార్డు రాసింది నేను.

ఆఫీసులో రాతపని అని నీకు చెప్పింది ఇదే. చదువు తక్కువ మనిషి రాసినట్టు అక్షరాలు వంకరగా, అక్కడక్కడా తప్పులతో రాయాలి. అందుకే నువ్వు పోల్చుకోలేదు. "మీ కార్డు చదివితే నాకే ఏడుపొస్తోందండీ" అని మేనేజరు అంటే మురిసిపోయాను కూడా, సిగ్గులేనిదాన్ని.

కుట్టేది వెనక షెడ్డులో మిషనత్తలాంటివాళ్ళు. తల ఎత్తితే సూపర్‌వైజరు కసురుతాడు. కార్డు పెట్టే సంచీ, పెట్టకుండా చవకగా అమ్మే సంచీ ఒకే గుట్టలోంచి తీస్తాం. "ఏది కొంటే తప్పు కాదో నువ్వే చెప్పు" అని అడిగావే, నేనేం చెప్పను? కొట్లో నిలబడి నువ్వెంత ఆలోచించినా తెలియకుండా చేసేదాన్ని నేనే కదా.

నిన్న ధైర్యం చేసి మిషనత్తకి ఆ కార్డు చదివి వినిపించాను. తిట్టినా బాగుండేది. "ఏ కిటికీ వదినా?" అని మాత్రం అడిగింది.

ఆ కార్డులో ఒక్క మాట మాత్రం అబద్ధం కాదు. ఆ జీతంతోనే నీ చదువు సాగుతోంది. నువ్వు కొన్నందుకే నా కూతురు చదువుకుంటోంది. నా తల కొట్టేసినట్టుంది తల్లీ.

స్వెట్టరు మిషనత్త మనవరాలికి సరిపోతుంది. ఇవ్వటానికి నాకు మొహం లేదు, సెలవులకి వచ్చి నువ్వే ఇవ్వు. హాస్టల్లో నిజం చెప్పెయ్యి. మాట ఇక్కడిదాకా వస్తే నా పని పోతుంది, నీ ఫీజూ ఆగుతుంది. అయినా చెప్పు. ఎవరు రాశారని అడిగితే, మా అమ్మ అని చెప్పు.

ఇట్లు,
ఈసారి సొంత చేతిరాతతో,
మీ అమ్మ