పాతరలో ఎర్రంచు చీర

నాయనా,

నిన్న వసారాలో బండలు మారుస్తుంటే పాత జొన్నల పాతర బయటపడింది. అందులో మన లేత్ మిషను చక్ ఉంది. ఒళ్లంతా గ్రీజు పూసి, అమ్మ ఎర్రంచు చీరలో చుట్టి ఉంది. ఇనుప కడ్డీని పట్టి తిప్పే ఆ చక్ లేకే కదా, ఇన్నేళ్లూ మిషను మూలపడింది!

ఫ్యాక్షన్ రోజుల్లో రెండు పార్టీల వాళ్లూ వచ్చి, "తుపాకీ గొట్టం చేసియ్యప్పా" అంటే, "చక్ పగిలిపాయ, యాడ చేసేది?" అన్నావు. మేమూ నమ్మాం. మోటారు షాఫ్టును అద్దంలా తీసే నువ్వు టీ కొట్టు పెట్టుకున్నావు. గొడవలు సద్దుమణగకముందే పోయావు.

చక్ మీద తుప్పు చుక్కయినా లేదు. ఈరోజు మిషనుకు బిగించి, చిన్నప్పుడు నువ్వు చూపినట్టే ఒక కడ్డీ పెట్టి తిప్పాను. ఇనుప పొట్టు ఎక్కడా తెగకుండా, జడలా మెలికలు తిరుగుతూ నేలదాకా జారింది.

అమ్మ మాత్రం చీరనే చూస్తూ కూర్చుంది.

"ఇది యాడబోయిందని ఆయన్నే అడిగితి గదే! ఆ మనిషి నాతోపాటు ఇల్లంతా ఎతికినాడు!"