చో విమానానికి మా ఓట్లు

ఫిబ్రవరి 23, 2014. ఆదివారం

చో బొటనవేలు గేమ్ జాయ్‌స్టిక్ బటన్ మీద నిలవడం లేదు. మిసైల్ వదలాల్సిన చోట వేలు పెట్టాడు... నొక్కలేకపోయాడు. స్క్రీన్ మీద విమానం ముక్కలైపోయింది. "చలి, డాక్టర్" అన్నాడు. చర్చి ఆఫీసు గదిలో, హీటర్ పక్కనే కూర్చుని చలట! అవును, చలే అన్నాను నేను కూడా.

చోకి ఏఎల్‌ఎస్, కండరాలన్నీ చచ్చుబడే నరాల జబ్బు, అని నవంబర్‌లోనే తేల్చేశారు. ముందు చేతులు, తర్వాత కాళ్లు, తర్వాత మాట, చివరికి ఊపిరి. రిటైరయ్యేదాకా ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చి, జనం ఊపిరి చూస్తూ కూర్చున్నవాణ్ణి. ఇందులో నేను చేయగలిగింది గుండు సున్నా.

ఫిబ్రవరి 25

అమెరికాలో మా నేపర్‌విల్ చర్చిలో ఆదివారం పొద్దున కొరియన్ల ఆరాధన, మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన. ఒకటే బిల్డింగ్, ఒకటే వంటగది. తాళాలు కొరియన్ సంఘం చో దగ్గర. మా ఆవిడ సుగుణ పులిహోర గిన్నెలు సర్దుకునేదాకా నాకేం పని? అలా వాడి గదిలోకి వెళ్లి కూర్చోవడం అలవాటైంది. ఇంట్లో ఆడితే వాళ్లావిడ చీపురు తీసుకుంటుందట. అందుకే జాయ్‌స్టిక్ తెచ్చి చర్చి కంప్యూటర్‌కి తగిలించాడు. పాస్టర్లిద్దరికీ తెలుసు, ఇద్దరూ చూడనట్టే వెళ్లిపోతారు.

డెబ్బై దాటిన ఇద్దరు ముసలాళ్లం, యుద్ధవిమానాలు నడుపుతున్నాం. నడిపేది వాడు. నేను పక్కన అరుస్తాను.

మార్చి 2

ఇవాళ ఆట మధ్యలో ఆపేసి చెప్పాడు. కుర్రతనంలో వాళ్ల ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్. అన్నీ అమెరికా విమానాలే. "పొద్దస్తమానం వేరేవాళ్ల విమానాలే తుడిచాను, డాక్టర్." ఇప్పుడు వాళ్ల దేశం సొంతంగా జెట్ తయారు చేసుకుంది. ఎఫ్‌ఏ-50. ఫోన్‌లో ఫొటో చూపించాడు, మనవడి ఫొటో చూపించినట్టు. ఈ గేమ్‌లో అది లేదు.

"ఒక్కసారి ఎగరేయాలి. చెయ్యి ఉండగా."

గేమ్ కంపెనీ సైట్‌లో అందుకోసం ఒక పేజీ ఉందట. ఏ విమానం కావాలో ఎవరైనా ప్రతిపాదించవచ్చు, మిగతా ఆటగాళ్లు ఓట్లేస్తారు, ఓట్లు బాగా పడితే తయారుచేసేవాళ్ల దగ్గరికి పంపుతారు. వాడి ఇంగ్లీష్ అంటే వాడికే సిగ్గు. "నువ్వు రాయి."

సరే అనేశాను. చేయడానికి నాకూ ఏదో ఒకటి దొరికింది కదా.

మార్చి 6

రాయడం మొదలుపెట్టా. నా బొంద, ఇన్ని రూల్సా! ఫొటోలు, వేగం, ఆయుధాలు, ప్రతిదానికీ అచ్చులో వచ్చిన ఆధారం. చో ఫోన్‌లో కొరియన్ పత్రికలు చదివి అర్థం చెప్తున్నాడు, నేను కేస్ హిస్టరీ రాసినట్టు రాసుకుంటున్నా. పేషెంట్ పేరు, వయసు, బరువు, రెక్కల వెడల్పు...

ఫోన్‌లో చో గొంతు బాగుంది. మాట ఇంకా స్పష్టంగానే ఉంది.

మార్చి 8

పెట్టేశాను. పది నిమిషాలకోసారి ఓట్లు చూసుకుంటున్నా. ఈ వయసులో!

మార్చి 10

ప్రతిపాదన కింద ఆటగాళ్లు రాసినవి: "అది ట్రైనింగ్ విమానం." "ఇంజిన్ అమెరికాది, ఇందులో కొరియా ఏముంది?" "అమెరికన్ జెట్‌కి చంటి తమ్ముడు." "ఈ గేమ్‌కి మరీ కొత్తది." "దీన్ని ఎవడు ఎగరేస్తాడు?"

ఎవడా? నేపర్‌విల్‌లో ఒకడున్నాడురా. రాద్దామనుకున్నా... రాయలేదు. రోగం సంగతి రాయొద్దని చో ముందే ఒట్టు వేయించుకున్నాడు. జాలి ఓట్లు వద్దట.

కావాలన్న ఓట్లు కొన్నే. వద్దన్నవి వాటికి రెట్టింపు.

మార్చి 16

చో అన్నీ చదివాడు. "చంటి తమ్ముడు" దగ్గర ఆగాడు. లేచి గుడి లైట్లు ఆర్పడానికి వెళ్లాడు. స్విచ్ ఎడమచేత్తో నొక్కుతున్నాడు ఇప్పుడు.

మార్చి 19

సుగుణ: "ఏమండీ, రోజూ ఆ కంప్యూటర్‌లో ఏం చూసుకుని అట్లా మొహం వేలాడేస్తున్నారు?" చెప్పాను. చో సంగతి, విమానం సంగతి, ఓట్లు చాలవన్న సంగతి. విన్నది. కళ్లు తుడుచుకుంది. "ఓట్లే కదా" అంది.

ఆ మాటకే నేను ఉలిక్కిపడాల్సింది. వెధవది, నాకు తట్టలేదు.

మార్చి 23. ఆదివారం

ప్రార్థన అవసరతలు చెప్పమని పాస్టర్ గారు అడగ్గానే సుగుణ లేచింది. "మన తాళాల చో గారికి బాగా లేదండీ. ఆయనకో ఆశ ఉంది..." మొత్తం చెప్పేసింది. విమానం పేరుతో సహా. నేను బెంచీలోకి కుంగిపోయాను. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. వెనకనుంచి ఎవరో ఆవిడ, "యుద్ధవిమానానికి ప్రార్థనేమిటి వదినా?" అని గుసగుస. ఇంకొకావిడ, "ఆయన చేతుల కోసం అనుకో" అంది.

దీవెన అయ్యాక పాస్టర్ గారే ప్రకటించారు. "భోజనాలకు ముందు అందరూ ఫోన్లు తీయండి. మన బ్రదర్ చో కోసం ఓటు. మెంబర్‌షిప్ ఫ్రీ. రిజిస్టర్ చేసుకోవడం రానివాళ్లకి యూత్ హెల్ప్ చేస్తారు."

ఫెలోషిప్ హాల్ నిండా ఫోన్లు. పులిహోర చల్లారిపోతోంది, ఎవరూ ప్లేటు ముట్టుకోరు. "అంకుల్, పాస్‌వర్డ్‌లో నంబర్ ఉండాలి." "మీ డేట్ ఆఫ్ బర్త్ వద్దు ఆంటీ, ఎవరైనా గెస్ చేస్తారు." ఒకావిడ కింద రాసింది కూడా: ప్రెయిజ్ ద లార్డ్, వెరీ గుడ్ ప్లేన్. ఇంకొకాయన తెలుగులోనే రాశాడు: దేవుని చిత్తమైతే తప్పక వచ్చును.

సిగ్గుతో చచ్చాను. కానీ ఇంటికి బయల్దేరేసరికి కావాలన్నవి వద్దన్నవాటిని దాటేశాయి. కార్‌లో సుగుణ చెయ్యి పట్టుకున్నాను. ఎన్నాళ్లైందో అలా పట్టుకుని.

మార్చి 24

చోకి ఫోన్ చేసి చెప్పాను. అవతల నవ్వు. "తెలుగు వాళ్లు మంచి ఎయిర్‌ఫోర్స్, డాక్టర్."

మార్చి 25

మూసేశారు.

ప్రతిపాదనకి తాళం వేసి, పైన ఎర్రక్షరాల్లో నోటీసు. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి, ఒకే మధ్యాహ్నం, అన్నీ కొత్త పేర్లతో, అన్నీ ఒకే వైపు... దొంగ ఓట్లట. ఒకే మనిషి ఇంతమంది పేర్లు పెట్టుకుని వేశాడట. మేమంతా కలిసి ఒకడే అయ్యాం. ఆ ఒకడూ నేనే.

మేమందరం చర్చి వైఫైలో ఉండి వేశాం! ఒక్కరికీ తట్టలేదు. మా వాళ్ల ఓట్లలో, ఎక్కడో ఇర్వింగ్ ఊరి నుంచి మా అమ్మాయి వేసిందొక్కటే నిజమైన ఓటట.

సాయంత్రం

అంతటితో అయిపోలేదు. ఆ కనెక్షన్ మీద ఉన్న అకౌంట్లన్నీ రద్దు. చో ఆడేది ఆ చర్చి కంప్యూటర్ మీదే. వాడి అకౌంట్ కూడా పోయింది. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గెలుచుకున్న విమానాలు. మొత్తం హ్యాంగర్ అంతా.

దేవుడా, ఉన్నది కూడా ఊడబెరికాం.

మార్చి 26

సుగుణ మీద అరిచాను. "నిన్నెవరు చెప్పమన్నారు? ప్రతిదీ చర్చిలో చెప్పాలా?" చపాతీ పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. "మంచి జరుగుతుందనుకున్నానండీ" అంది. అంతే.

నాకు మాత్రం? నిన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను కదా.

మార్చి 30

చోకి చెప్పాలి. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. వెళ్లేసరికి వాడికి తెలిసిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు, స్క్రీన్ మీద "అకౌంట్ నిలిపివేయబడింది." జాయ్‌స్టిక్ వైరు చుట్టి పక్కన పెట్టాడు.

"ఎంతమంది వేశారు?" అడిగాడు.

"అందరూ. పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ల దాకా."

"నా కోసమా?"

"నీ కోసమే."

తలూపాడు. కోపగించుకుంటాడేమో, తిడతాడేమో అనుకున్నా. తిట్టినా బాగుండేది. "వంటగదిలో మీ ఆవిడ ఏడుస్తోంది. వెళ్లు" అన్నాడు.

ఏప్రిల్ 4

కంపెనీకి రాశాను. మేం ఒకరం కాదు, ఒక సంఘం. వయసు మళ్లినవాళ్లం. ఒకే చోట భోంచేస్తాం. జవాబు: మీ విన్నపం అందింది. మరమనిషి జవాబు.

ఏప్రిల్ 9

మళ్లీ రాశాను. మళ్లీ అదే.

ఏప్రిల్ 15

ఈసారి ఒట్టు తప్పాను. రోగం పేరు రాశాను. చోకి చెప్పలేదు.

ఏప్రిల్ 20. ఈస్టర్

రెండు సంఘాలూ కలిసి ఆరాధన. ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం చిన్న కప్పు చో వేళ్లలోంచి జారిపోయింది. తెల్ల చొక్కా మీద ఎర్రగా. వాళ్లావిడ ఇంకో కప్పు తీసుకుని తానే నోటికందించింది. సుగుణ తలెత్తలేదు. నెల రోజులైంది, అవసరతల టైమ్‌లో నోరు విప్పడం లేదు. మోకాళ్ల నొప్పులు కూడా చెప్పడం లేదు.

మే 2

ఈసారి జవాబు మనిషి రాశాడు. మర్యాదగా రాశాడు. మీ స్నేహితుడి విషయం విని బాధపడ్డాం. వారి అకౌంట్ తిరిగి తెరిచాం, విమానాలన్నీ భద్రంగా ఉన్నాయి. ప్రతిపాదన మాత్రం తెరవలేం, రూల్ అందరికీ ఒకటే. ఆరు నెలల తర్వాత, నవంబర్‌లో, మళ్లీ కొత్తగా పెట్టుకోవచ్చు.

ఆరు నెలలు! ఎంత తేలిగ్గా రాశాడు. వాడి తప్పేం లేదు. ఆస్పత్రిలో మేమూ ఇంతే తేలిగ్గా రాసేవాళ్లం, ఆర్నెల్ల తర్వాత రండి అని.

మే 4

హ్యాంగర్ తెరుచుకుంది. అన్నీ ఉన్నాయి. చో కుర్చీలో సర్దుకుని చెయ్యి జాయ్‌స్టిక్ మీద పెట్టాడు. అంటే... వాళ్లావిడ పెట్టింది. ఇప్పుడు ఆవిడే దగ్గరుండి ఆడిస్తోంది. వేళ్లు ముడుచుకోలేదు. ఒకసారి, రెండుసార్లు. చెయ్యి ఒళ్లోకి జారిపోయింది.

నేనూ ఆవిడా గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాం.

మే 11

"నువ్వు నడుపు. నేను చెప్తాను."

నడిపాను. పైకెత్తు అంటే కిందికి, ఎడమకి అంటే కుడికి. రన్‌వే దాటకుండానే కూల్చేశాను. చో నవ్వి నవ్వి దగ్గాడు. ఆ దగ్గు నాకు నచ్చలేదు. అడుగునుంచి రావడం లేదు, పైపైనే తెగిపోతోంది.

"మళ్లీ" అన్నాడు.

మే 18

మాట ముద్దగా వస్తోంది. వాళ్లావిడ పక్కనుంటే సగం ఆవిడే చెప్తోంది. ఆవిడ టీ తేవడానికి వెళ్లినప్పుడు అడిగాడు.

"నవంబర్‌లో... మళ్లీ పెడతావా?"

"పెడతాను."

"ఈసారి... ఎవరింట్లో వాళ్లు వేయాలి."

"అందరికీ చెప్తాను."

నా వంక చూశాడు. "డాక్టర్. నేను... నవంబర్?"

చూద్దాం అన్నాను. జీవితమంతా పేషెంట్లకి చెప్పిన మాటే. ఛ!

మే 29

ప్రతిపాదన మళ్లీ రాసి పెట్టుకున్నా. ట్రైనింగ్ విమానం అన్నవాడికి జవాబు, ఇంజిన్ అన్నవాడికి జవాబు. మొదటిదానికంటే బాగా వచ్చింది. పెట్టడానికి లేదు.

జూన్ 1. ఆదివారం

చో రాలేదు. తాళాలు వాళ్లావిడ తెచ్చి తలుపు తీసింది. మాస్క్ పెడుతున్నారట, పడుకున్నప్పుడు ఊపిరి అందడానికి. ఆఫీసు గదిలో కంప్యూటర్ మీద ఎవరో టవల్ కప్పారు.

ఆరాధన మధ్యలో పాస్టర్ గారు అడిగారు: "ఇంకెవరికైనా ప్రార్థన అవసరతలున్నాయా?"

సుగుణ లేవలేదు. నా వైపు తిరిగింది. మార్చి తర్వాత మొదటిసారి. "చెప్పమంటారా?" అంది, నాకు మాత్రమే వినపడేట్టు.

ఏం చెప్పమనను? చేతులా, ఊపిరా, నవంబరా? డాక్టర్నై ఉండి, ఏం అడగాలో నాకే తెలియడం లేదు. చెప్పమనలేదు. వద్దనలేదు. పాస్టర్ గారు ఆగి మా బెంచీ వైపే చూస్తున్నారు, ఆమె నా వైపే చూస్తోంది...