నొప్పి పేరు చెప్పి కోరుట్లకు

అక్కా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు పోయి ఏడాది దాటింది. అయినా నీతో మాట్లాడాలంటే మొదట ఆ మాటే వస్తోంది...

కోరుట్లలో మళ్లీ చలి మొదలైంది. ఈ రోజులు వచ్చాయంటే నీ ఫోను వచ్చేది. "చెల్లె, చెవు మళ్ల షురు జేసిందే" అనేదానివి. ముందు ముక్కు దిబ్బడ, దాని వెనకే చెవిపోటు, ఆ తర్వాత దూది కుక్కినట్టు చెవి మూసుకుపోవడం. సిరిసిల్లలో మీ ఇంటి ముందరి కొట్టంలోనే సాంచాలు. ఆ మరమగ్గాల చప్పుడులో కూర్చుని నూలు కండెలు చుట్టీ చుట్టీ, నీ చెవి నొప్పి కూడా ఆ చప్పుడులోదే అనుకుని ఎన్నేళ్లు ఊరుకున్నావు?

నిన్ను మొదటిసారి మా ఇంటి దగ్గరి ఆయుర్వేద డాక్టరమ్మకు చూపించిన రోజు గుర్తుందా? ఇంట్లో వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకుంటున్నానని నువ్వు చెప్పగానే ఆమె ముందు లైటు పెట్టి లోపల చూసింది. లోపలి పొర బాగుంటేనే నూనె, లేదంటే చుక్క కూడా వెయ్యొద్దని మందలించింది. బాగానే ఉందని తేలాకే వైద్యం మొదలుపెట్టింది. చెంపలకూ చెవుల చుట్టూ గోరువెచ్చని నూనెతో మర్దన, వేడి గుడ్డతో కాపడం, ముక్కులో మందు చుక్కలు, చివరికి చెవిలో తైలం. తేనెలో కలుపుకుని నాకడానికి శొంఠి, మిరియాలు, పిప్పళ్ల పొడి. తల తడిగా ఉంచుకోవద్దంది, బస్సులో చెవులకు గుడ్డ కట్టుకోమంది. అన్నిటికీ తలూపావు. రాత్రిపూట పెరుగు మానెయ్యమన్నప్పుడు మాత్రం నా వైపు దీనంగా చూశావు.

కాపడం పెడుతుంటే కళ్లు మూసుకుని మెల్లగా అన్నావు. "గిట్ల నా తల వట్టుకోని ఒకలు ఒత్తక ఎన్నేండ్లాయెనే చెల్లె..."

అమ్మ పోయాక మనకు తల్లిగారిల్లు లేకుండా పోయింది కదా. ఎవరూ చెప్పుకోలేదు గానీ, ఆ చలికాలం నుంచి మా ఇల్లే నీకు తల్లిగారిల్లయింది.

వైద్యం ఒక్క రోజుతో అయ్యేది కాదు. అందుకని ఉండిపోయేదానివి. నేను జాకెట్లు కుడుతుంటే నువ్వు పక్కన గుండీలు కుట్టేదానివి. చెవిలో దూది ఉండటంతో నీ గొంతు నీకే వినబడక గట్టిగా మాట్లాడేదానివి. మీ అత్తగారి ముచ్చట్లన్నీ మా వాడంతా విన్నది అక్కా. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా పని మరిచి కూర్చునేవాళ్లు. నొప్పి తగ్గి ముఖం తేటపడ్డాక బావ వచ్చి తీసుకెళ్లేవాడు.

బావ ఒక్కసారి కూడా కాదనలేదు. వైద్యానికి కదా... తనే బస్సెక్కించి పంపేవాడు.

ఏటా అలాగే గడిచింది. వైద్యం చేయించుకున్నప్పుడు తగ్గేది, చలికి మళ్లీ తిరగబెట్టేది. ఒక ఏడు మాత్రం చెవి నుంచి చీము కారుతూ వచ్చావు. డాక్టరమ్మ లైటు పెట్టి చూసి నూనె గిన్నె పక్కన పెట్టేసింది. పొరకు రంధ్రం పడిందని, ఇక తన వైద్యంతో కాలయాపన చేయకుండా వెంటనే కరీంనగర్‌లో చెవి డాక్టరుకు చూపించమని బావకు ఫోనులో గట్టిగా చెప్పింది. బావ ఆలస్యం చేయలేదు. మందులు వాడాక ఆపరేషన్ చేశారు. చెవి బాగుపడింది. ఎంత సంబరపడ్డాం... సాంచ ఆపిన తర్వాత గోడ మీది గడియారం కూడా వినిపిస్తోందని చెప్పావు.

మరుసటి చలికాలం నీ ఫోను రాలేదు.

నేనే చేశాను. ఎప్పుడొస్తున్నావని అడిగాను. నువ్వు నవ్వావు. "నొప్పి లేకుంటె ఏం చెప్పి రావాలె చెల్లె?" అన్నావు. నేనూ నవ్వాను. నిజమే కదా అనుకున్నాను. కండెలు చుట్టే మనిషి ఇల్లు కదిలితే సాంచాలు ఎట్లా నడుస్తాయి? పండుగకు వస్తావులే, పెళ్లికి కలుస్తాంలే అనుకున్నాం. పెళ్లిళ్లలో కలిశాం కూడా. కానీ అక్కడ ఏం మాట్లాడుకుంటాం అక్కా? తిన్నవా, పిల్లలు బాగున్నరా... అంతే కదా.

తర్వాతి దీపావళికి ముందు పొద్దున్నే బావ ఫోను. నల్లా దగ్గర నీళ్లు పడుతూ కూలిపోయావట. ఆసుపత్రికి చేరకముందే గుండె ఆగిపోయింది. నేను సిరిసిల్ల వచ్చేసరికి వీధిలో సాంచాలన్నీ ఆపేశారు. అంత నిశ్శబ్దంగా మీ వాడను ఎప్పుడూ చూడలేదు.

మొన్న నీ ఏడాది మాసికానికి వచ్చాను. అందరూ వెళ్లాక బావ నా దగ్గర కూర్చున్నాడు. నువ్వు పోయే ముందు వానాకాలం సంగతి ఒకటి అప్పుడు చెప్పాడు.

"మీ అక్క చెవు నొస్తుందన్నది. కోరుట్ల వోత అన్నది. ఆపరేషనైన చెవు, ముందుగాల కరీంనగర్‌ల చూపెట్టాలె అని నేనే తోల్కపోయిన. మంచిగనే ఉన్నది, ఏం లేదన్నరు. మళ్ల ఇంటికే తోల్కచ్చిన. ఏం లేనిదానికి ఎందుకు నొస్తుందన్నదో, ఇప్పటికి సమజ్ గాలే."

నాకు అర్థమైంది అక్కా. ఆ వానాకాలంలోనే ఒక సాయంత్రం నువ్వు నాకు ఫోను చేశావు. ఎందుకు చేశావంటే, "ఏం లేదే, ఉత్తగనే జేసిన" అన్నావు. కూర ఏం వండావని అడిగావు. కరీంనగర్ మాట ఎత్తనే లేదు. డాక్టరు బాగుందని చెప్పినప్పుడు ఎట్లా చూసి ఉంటావు? తిరుగు బస్సులో ఏమనుకుని ఉంటావు?

బావకు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి చెప్పాను. "నొప్పి లేకుండె బావ. నా దగ్గరికి రావాలనుకున్నది."

"గా మాట అడిగితె పంపకపోదునా..." అన్నాడు బావ.

పంపేవాడే. అదే నాకు మింగుడుపడటం లేదు. అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అడగాలని నీకు తోచలేదు, రమ్మని పట్టుబట్టాలని నాకు తోచలేదు. ఆడమనిషి చెల్లెలింటికి పోవాలంటే రోగమో శుభకార్యమో ఉండాలని మనకు ఎవరు నేర్పారు అక్కా?

సిరిసిల్ల నుంచి వచ్చాక నీ బిడ్డలిద్దరికీ ఫోను చేశాను. జగిత్యాలలో శ్రావణికీ, కథలాపూర్‌లో మౌనికకూ. నాలుగు రోజులు వచ్చి ఉండండని చెప్పాను. చిన్నమ్మకు ఏమైందని మౌనిక భయపడిపోయింది. ఏమీ కాలేదంటే నమ్మదు. మీ అక్కాచెల్లెళ్లిద్దరూ నా ఇంట్లో ఉండాలని ఉంది, అంతే అన్నాను. ముక్కు ఎగపీలుస్తూ వస్తానంది. ఏడ్చిందనుకుంటా...

వచ్చారు అక్కా. ఇప్పుడు పక్క గదిలోనే ఉన్నారు. శ్రావణికి నీలాగే ముక్కు దిబ్బడ, చెవి బరువు. ఓమ గింజలు వేసి ఆవిరి పట్టించాను. రేపు డాక్టరమ్మకు చూపిస్తాను. నువ్వు ఊరుకున్నట్టు దాన్ని ఊరుకోనివ్వను. అది బాగుపడ్డా పంపను. నా దగ్గర ఉండాల్సిన రోజులు ఉండే వెళ్తుంది.

వచ్చే ఏడూ పిలుస్తాను, ఆ పై ఏడూ పిలుస్తాను. వాళ్లకు వీలు కాకపోతే నేనే వెళ్లి తీసుకొస్తాను. ఎందుకని అత్తింటివాళ్లు అడిగితే, నా బిడ్డల్ని చూడాలనిపించిందని చెబుతాను.

లోపల ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు. వెళ్లి వాళ్ల దగ్గర కూర్చుంటాను అక్కా.

నీ చెల్లె,
సరిత