తనంతట తానే లేచే ట్యాబు, లెక్కలో చావని కొండయ్య

ఆరోగ్యాధికారి శ్రీ లక్ష్మీనారాయణ గారి సముఖమునకు,

విషయం: కొత్త ట్యాబు తనంతట తాను ఆరిపోయి తనంతట తాను లేచుట, తత్కారణముగా కొండయ్య అను వ్యక్తి చనిపోయియు చనిపోనివాడుగా ఉండుట, మరియు నాకు వచ్చిన మెమో గురించి.

అయ్యా,

జిగణి అవతల మన విద్యుత్ శ్మశానములో రిజిస్టరు రాయు కృష్ణప్ప అనబడే నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా, ఈ అర్జీని నియమ ప్రకారం కన్నడములో, తమరు దయతో ఇప్పించిన ట్యాబులోనే టైపు చేయనారంభించితిని. మూడవ అంశం నడుమ అది ఆరిపోయి, మళ్లీ లేచి, నేనెవరో తెలియనట్టు నా పేరు అడిగినది. కావున కాగితము మీద రాయుచున్నాను. తమరు హిందూపురం వైపు వారని, ఇంట్లో తెలుగే మాట్లాడుదురని విని ధైర్యం చేసి తెలుగులో రాయుచున్నాను. కోపము నాకు కన్నడములో సరిగా రాదు.

1. కాగితపు రిజిస్టరు ఇక చెల్లదనియు, ట్యాబులో టోకెన్ పుట్టనిదే ఏ శవమునూ లోపలికి తీసుకొనరాదనియు ఆర్డరు వచ్చినది. శిరసావహించితిని. ట్యాబు చూచుటకు ముచ్చటగా ఉండెను. మా మిషను నడిపే ఓబళప్ప దానికి కుంకుమ బొట్టు పెట్టినాడు. అది ఒక్కటే ఆ రోజు సక్రమంగా జరిగిన పని.

2. టోకెన్ పుట్టాలంటే మృతుని ఫోటో తీయవలెను. తీసితిని. "దయచేసి కళ్లు తెరిచి కెమెరా వైపు చూడండి" అని ట్యాబు కోరినది. ఈ కోరికను నేను మృతుని బంధువులకు తెలియజేయలేదు. దానికి నన్ను తప్పు పట్టినా సరే.

3. ఫోటోకు ఎట్లో ఒప్పుకున్నాక, పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు అన్నీ నింపి ఆఖరి మీట నొక్కబోవు సమయమున ట్యాబు నల్లబడుట మొదలైనది. నల్లబడి, కొంతసేపు ఆలోచించి, పెళ్లి బ్యాండు మాదిరి ఒక పాట వాయించుకుంటూ లేచి, "స్వాగతం! మనం మొదలుపెడదామా?" అనును. అయ్యా, ఇది శ్మశానము. ఇక్కడికి వచ్చినవారెవరూ ఏదీ మొదలుపెట్టుటకు రారు.

4. ట్యాబు వెనక అంటించిన సహాయ నంబరుకు ఫోను చేసితిని. బ్రూక్‌ఫీల్డులో ఏదో ఆఫీసు నుంచి రంజిత అనే అమ్మాయి మాట్లాడినది. మర్యాదస్తురాలు. మా ఇద్దరి సంభాషణ యథాతథముగా:

"అంకుల్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

"అమ్మా, ఆ పని అది సొంతంగా చేసుకుంటా ఉండాది. నా దాకా రానియ్యట్లేదు."

"ఓకే అంకుల్. కవర్ తీసి చూశారా? కొన్నిసార్లు కవర్ పవర్ బటన్‌ని ప్రెస్ చేస్తుంది."

తీసితిని. మళ్లీ లేచినది.

"చార్జర్ మార్చారా?" మార్చితిని. "సిమ్ తీసి మళ్లీ వేశారా?" వేసితిని. "అప్‌డేట్ ఏమైనా పెండింగ్ ఉందా?" ఉండినది, అది చేయుచుండగానే ఆరిపోయినది.

"అంకుల్, మీరున్న ప్లేస్‌లో హీట్ ఏమైనా ఎక్కువ ఉందా?"

"ఉండాదమ్మా."

"అంటే సుమారుగా ఎంత ఉంటుంది?"

"మిషను లోపల ఎనిమిది వందలు దాటుతాది."

"సారీ అంకుల్? ఎనభైయా?"

"శ్మశానం అమ్మా ఇది."

ఫోనులో కాగితాలు తిప్పిన చప్పుడు వినపడినది. తర్వాత ఆ బిడ్డ, "ఓకే. అయితే దాన్ని కొంచెం చల్లగా ఉండే చోట పెట్టి చూడండి" అన్నది.

5. ఇక మెమోలోని మొదటి ఆరోపణకు వచ్చెదను. మా శ్మశానములో చల్లగా ఉండే చోటు ఒక్కటే: బంధువులు దూరం నుంచి వచ్చేవరకు శవమును పెట్టు ఫ్రీజర్ పెట్టె. ఆనాడు అది ఖాళీగా ఉండినది. ట్యాబును ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో పడుకోబెట్టితిని. అయ్యా, నమ్మండి, పూటంతా ఒక్కసారి కూడా ఆరిపోలేదు, లేవలేదు! మూత ఎత్తి, నింపి, మూత దించుచూ టోకెన్లు పుట్టించితిని. ఓబళప్ప అయితే, "దీనికి మనుషుల కంటే బాగా చావడం తెలుసప్పా" అని మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నానికి ఒక పెద్దాయన శవము వచ్చినది. కొడుకు పుణె నుంచి రావలెను. పెట్టె ఒకటే, అవసరం ఇద్దరిది. పెద్దాయన కాళ్ల వద్ద, సంచిలోనే, ట్యాబును ఒక మూలకు సర్దితిని. బంధువులు చుట్టూ కూర్చుని ఏడ్చుచుండగా, అద్దపు మూత కింద వెలుతురు వచ్చి, బ్యాండు పాట మొదలై, ఒక ఆడగొంతు పెద్దాయనకు స్వాగతం చెప్పినది. పెద్దాయన చెల్లెలు లేచి నిలబడి దండం పెట్టినది. అల్లుడు మాత్రం ఫిర్యాదు పెట్టినాడు. అల్లుని పక్షాన న్యాయం ఉండాది, నేను ఒప్పుకొంటాను. అయితే "ప్రభుత్వ పరికరమును శవముతో సమానముగా చూచుట" అని మెమోలో రాసిన వాక్యమునకు మాత్రం నా అభ్యంతరం: నేను దాన్ని అంతకంటే బాగానే చూచుకుంటిని.

6. తనిఖీకి తమ ఆఫీసు నుంచి చంద్రశేఖర్ సారు వచ్చినారు. ఆయన నా కుర్చీలో కూర్చున్నంతసేపూ ట్యాబు పెళ్లిచూపులకు కూర్చున్న పిల్ల మాదిరి తల వంచుకుని చెప్పినదల్లా చేసినది. ఆయన నా వైపు చూసిన చూపు గురించి రాయను. ఆయన బండి మలుపు తిరిగీ తిరగకముందే అది ఆరిపోయినది. ఓబళప్ప వెనకే పరిగెత్తినాడు గాని అందుకోలేకపోయినాడు. పెట్టెలో ఇక పెట్టరాదని మాత్రం ఆయన నోటితో ఆర్డరు ఇచ్చిపోయినారు.

7. ఇంతవరకు రాసినది చదివి తమరు నవ్వుకుని ఉంటే మంచిదే. ఇప్పుడు రాసేది మెమోలోని రెండవ ఆరోపణ. టోకెన్ లేకుండా కొండయ్యను లోపలికి తీసుకున్నానన్నది.

తీసుకున్నాను.

కొండయ్యది పాలమూరు పక్క. వైట్‌ఫీల్డులో కట్టే బిల్డింగులో స్లాబు పని. పొద్దున పనికి బయలుదేరుతూ గుండె పట్టుకుని షెడ్డు ముందరే కూలిపోయినాడు. ఆసుపత్రి కాగితం, డాక్టరు సంతకం అన్నీ సరిగ్గా ఉండినాయి. భార్య నర్సమ్మ, వెంట పనిచేసే నలుగురు మనుషులు, సరుకులు తెచ్చే టెంపోలో పడుకోబెట్టుకుని వచ్చినారు. ఎండ నెత్తిన ఉండాది. ఫ్రీజరులో ఇంకొకరు ఉన్నారు.

ట్యాబు తీసినాను. ఫోటో దగ్గర ఆరిపోయింది. లేచింది. వయసు దగ్గర ఆరిపోయింది. లేచింది. రంజితకు ఫోను కలిపి స్పీకరు పెట్టినాను. ఆ అమ్మాయి, "సేఫ్ మోడ్‌లో ట్రై చేద్దాం అంకుల్, పవర్ బటన్ లాంగ్ ప్రెస్ చేయండి" అని చెబుతా ఉండాది, నేను నొక్కుతా ఉన్నాను. టెంపో డ్రైవరు హారను కొడతా ఉన్నాడు, వాడికి ఇంకో లోడు ఉండాదంట. ఆ నలుగురిలో ఇద్దరు మేస్త్రీ ఫోను మీద ఫోను చేస్తుంటే తలలు వంచుకుని వెళ్లిపోయినారు. చంద్రశేఖర్ సారుకు ఫోను చేసినాను. "టోకెన్ లేకుండా ఎట్లా కృష్ణప్పా? సిస్టంలో రావాలి గదా" అని పెట్టేసినారు.

నర్సమ్మ టెంపో అంచున కూర్చుని మొగుని పాదాల మీద చెయ్యి వేసుకుని నా చేతిలోని ట్యాబునే చూస్తా ఉండింది. అది మళ్లీ పాట పాడుకుంటా లేచింది. అప్పుడు ఆమె అన్నది:

"అన్నా, గా పలక సూడు, పాణం వోయినా మల్ల మల్ల లేస్తున్నది. మావోడు గూడ ఒక్కపారి లేస్తే సాలు గదనే."

అరిచి అనలేదు. ఏడుస్తా కూడా అనలేదు. పక్కింటామెతో మాట్లాడినట్టు అన్నది.

ఫోనులో రంజిత ఏదో చదువుతున్నది ఆగిపోయింది.

"అంకుల్."

"ఉన్నానమ్మా."

"ఎవరంకుల్ ఆవిడ?"

"ఆయన భార్య."

"అంకుల్, టోకెన్ వదిలేయండి. ఆయన్ని పంపించేయండి, ప్లీజ్. నేను లైన్‌లోనే ఉంటా."

అయ్యా, సహాయ కేంద్రము వారు ఇచ్చిన సూచనలన్నీ పాటించవలెనని తమ ఆర్డరులోనే ఉన్నది. ఈ సూచనను కూడా పాటించితిని. పాత రిజిస్టరు తీసి పేరు రాసినాను. నర్సమ్మ వేలిముద్ర వేయించినాను. ఓబళప్పా, నేనూ, మిగిలిన ఇద్దరు మనుషులూ మోసినాము. డ్రైవరు హారను ఆపి దిగి వచ్చి తానూ ఒక చెయ్యి పట్టినాడు. మిషను తలుపు మూస్తా ఉంటే బల్ల మీద ట్యాబు మళ్లీ లేచి, మనం మొదలుపెడదామా అన్నది. ఓబళప్ప పోయి దాన్ని బోర్లా తిప్పి వచ్చినాడు. రంజిత ఆఖరిదాకా లైనులోనే ఉండింది. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినపడింది.

8. మెమో వచ్చుట అయినది. అది మామూలే. కానీ మొన్న నర్సమ్మ మరణ ధ్రువపత్రం కోసం తమ కార్యాలయమునకు పోగా, కొండయ్య అనువాడు సిస్టంలో లేడు కావున చనిపోలేదని కౌంటరులో చెప్పినారట. అది లేనిదే వితంతు పింఛను దరఖాస్తు ఎవరూ ముట్టుకోరు. ఆమె అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చినది.

"సావలేదంటున్నరన్నా. గట్లయితే యాడున్నడో గూడ గా కంప్యూటర్లనే సూసి చెప్పమను. పొద్దుగూకే యాళ్లకు ఇంటికి రమ్మంట."

అని నవ్వినది. నేను కూడా నవ్వినాను. ఓబళప్ప టీ తెచ్చి పెట్టి పోయినాడు.

9. రంజితకు వాళ్ల ఆఫీసులో హెచ్చరిక ఇచ్చినారట, కాగితంలో ఉన్న ప్రశ్నలు దాటి మాట్లాడినందుకు. అయినా ఆదివారం నాడు ఆ పిల్ల బస్సులు మారి మా శ్మశానానికి వచ్చినది. జీవితంలో మొదటిసారి శ్మశానం లోపలికి రావడమంట, గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ట్యాబు ఆమె ముందర వరసగా ఆరిపోయి లేచినది. ఆమె ముందర నటించలేదు, అంతవరకు దాన్ని మెచ్చుకోవాలి. "ఇది ట్యాబ్ లోపలి బోర్డ్ ప్రాబ్లమ్ అంకుల్. మీరు ఏం చేసినా పోదు. ఫస్ట్ డేనే రీప్లేస్ చేయాల్సింది" అని కాగితం మీద రాసి సంతకం పెట్టినది. కొండయ్య దహనం జరుగుతున్నప్పుడు తాను ఫోనులో ఉన్నట్టు ఇంకో కాగితం రాసి దానికీ సంతకం పెట్టినది. రెండూ దీనికి జతపరిచినాను.

కావున నా ప్రార్థన: కొండయ్య చనిపోయినాడని దయచేసి ఒప్పుకొనవలెను. అతని భార్య ఒప్పుకున్నది, డాక్టరు ఒప్పుకున్నాడు, మిషను ఒప్పుకున్నది. మిగిలినది తమరు ఒక్కరే. నా పాత రిజిస్టరులోని పుటను ఆధారముగా తీసుకుని నర్సమ్మకు పత్రము ఇప్పించవలెను. రంజిత గురించి ఆ ఆఫీసు వారికి తమరు ఒక మంచి మాట రాయవలెను. ట్యాబుకు అంత్యక్రియల అనుమతి ఇచ్చినచో టోకెన్ ఖర్చు లేకుండా నేనే జరిపించెదను. నా మెమో విషయం తమ ఇష్టం. దాని గురించి నేను అడగను, పట్టించుకోవద్దనియు చెప్పను.

తీరిక దొరికినప్పుడు కాక, ఇది చేతికి అందిన వెంటనే చిత్తగించవలెను.

ఇప్పటికింకా తమ విధేయుడే,
కృష్ణప్ప
విద్యుత్ శ్మశానం, జిగణి

తా.క.: కవరు అంటించబోతుండగా తమ ఆఫీసు నుంచి ఒకాయన బండి మీద వచ్చి ట్యాబును రిపేరుకు తీసుకుపోయినాడు. చాలా సంతోషం. పోతూ పోతూ, అది తిరిగి వచ్చేవరకు ఎవరినీ లోపలికి తీసుకోవద్దన్నాడు. "మరి అంతవరకు జనం చావకుండా ఉంటారా సామీ?" అని ఓబళప్ప అడిగితే, "నోటీసు అంటించండి" అని హెల్మెట్ పెట్టుకున్నాడు.

నోటీసు అంటించలేదు. ఇప్పుడే ఆనేకల్ నుంచి ఒక వ్యాను వచ్చింది. అందులో ఒక ముసలామె శవము, ఆమె ముగ్గురు కూతుళ్లు. గేటు తెరిచేసినాను. రెండో మెమో టైపు చేయించుకోండి సార్. మొదటి దాంట్లో నా పేరు కృష్ణమ్మ అని పడింది. కనీసం ఈసారి మగవాణ్ణి చేయించండి.